లోనార్ సరస్సు వయసెంత: 52 వేల ఏళ్లా, 5.7 లక్షల ఏళ్లా?

నల్లరేగడి:
పోయిన నెల మహారాష్ట్రలో బుల్ఢాణా జిల్లా లోనార్‌కి వెళ్లొచ్చాం. ఈ అంచు నుంచి ఆ అంచుకి 1.8 కిలోమీటర్ల గుంట, అడుగున ఉప్పునీళ్లు. వేళ్లు ముంచి రుద్దితే సబ్బునీళ్లలా జారుతున్నాయి, అంత క్షారం. 52 వేల ఏళ్ల కిందట ఉల్క పడిందని గైడ్ చెప్పాడు. నాకు మాత్రం పాత అగ్నిపర్వతం నోరేమో అనిపించింది. చుట్టూ లావా రాయే కదా?

రాతిగడియారం:
ఆ లావా సుమారు 6.6 కోట్ల ఏళ్ల నాటిదన్నా. మన వికారాబాద్ నల్లరాయి కూడా అప్పటిదే. గుంటకీ అంత వయసుంటే ఎప్పుడో పూడిపోయేది. అసలు సాక్ష్యం రాయి లోపల ఉంది, దాని పేరు మాస్కెలినైట్. ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం, దెబ్బ తాకిడికి గాజులా మారితే వచ్చేది. అంతటి ఒత్తిడి అగ్నిపర్వతంలో పుట్టదు. లోనార్ రాళ్లలో ఇది ఉందని 1973లోనే చూపించారు. కాబట్టి ఉల్క గురించి పేచీ లేదు, పేచీ అంతా వయసు దగ్గరే. 2011లో ఆర్గాన్ పద్ధతిలో, అంటే రాయి గట్టిపడ్డాక దానిలో ఏళ్లు గడిచేకొద్దీ పేరుకునే ఆర్గాన్ వాయువుని కొలిచి, 5.7 లక్షల ఏళ్లని తేల్చారు. ఇంకా 52 వేలు అని చెప్పుకోవడం నాకు నచ్చదు.

వానగట్టు:
నేను ఒప్పుకోనండి. అంచు ఇంకా నిటారుగా నిలబడి ఉంది. దెబ్బకి బయటికి చిమ్మిన రాళ్లూ మట్టీ చుట్టూ ఇప్పటికీ కనిపిస్తాయి. 5 లక్షల వానాకాలాలు దాటి మిగిలేవా? పైగా రాయి కరిగినప్పుడు పాత ఆర్గాన్ మొత్తం పోకపోతే వయసు ఎక్కువ చూపిస్తుంది.

గులాబీ:
మధ్యలో వస్తున్నా, 2020 జూన్‌లో నీళ్లు గులాబీ రంగులోకి మారడం ఉల్క వల్లేనా?

రాతిగడియారం:
కాదండి. ఉప్పులో బతికే సూక్ష్మజీవులు, హాలోఆర్కియా. పుణెలోని అఘార్కర్ సంస్థ పరీక్షించి చెప్పింది.
వానగట్టు గారూ, మీ అనుమానం న్యాయమైనదే. అందుకే ఆ లెక్కలో పాత ఆర్గాన్ వాటాని విడదీశారు, 47 వేల ఏళ్లు అటూ ఇటూ అని కూడా చెప్పారు. 52 వేలు వచ్చింది థర్మోల్యూమినిసెన్స్‌తో. వేడి తగ్గిన దగ్గర్నుంచి రాయిలో చేరిన శక్తిని కొలిచే పద్ధతి అది. కుండ నిండాక ఎంత పోసినా అంతే నీళ్లు కదా? ఇక్కడా అంతే, నిండిపోయాక ఎన్ని ఏళ్లు గడిచినా లెక్క పెరగదు.

వానగట్టు:
కుండ మాట ఒప్పుకుంటా. అంచు సంగతికి మాత్రం మీరింకా జవాబివ్వలేదు.