శెనక్కాయ కట్టె (కాయలు తీశాక మిగిలే ఎండుమేత) ఇంటిదైతే పాల ఖర్చులో కలపాలా, వద్దా?

కళ్యాణదుర్గం_కుర్రోడు:
మాకు నాలుగు హెచ్‌ఎఫ్ క్రాసు (హోల్‌స్టీన్ ఫ్రీజియన్ సంకర జాతి) ఆవులు. మూడు పాలిస్తున్నాయి, ఒకటి వట్టిపోయింది. రోజుకు 30 లీటర్లు పోస్తాం. ఫ్యాట్ (వెన్న శాతం) 3.5, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాక పాలలో మిగతా ఘనపదార్థాల శాతం) 8.5కు లీటరు 34 చొప్పున 1,020 వస్తుంది. దాణా 17 కిలోలు, కిలో 28 లెక్కన 476. మందులు, మినరల్ మిక్చర్ సగటున 40. రోజుకు 504 మిగులుతోందని నాన్న వాదన. నేను కట్టెకు, పచ్చిమేతకు 320, ఇద్దరి పూటపనికి 400 వేస్తే 216 నష్టం తేలింది. ఎవరి లెక్క కరెక్టు?

పెన్నొడ్డు_రైతు:
మీ నాయనదే. కట్టె మన చేలోది. జేబులోంచి పోనిది ఖర్చు ఎట్లవుతుంది? చదువుకున్నోళ్ల లెక్కలు చూసుకుంటే ఊర్లో ఒక్క గొడ్డు మిగలదు.

రాయదుర్గం_77:
పేడ ఏదీ? నాలుగు ఆవులకు రోజుకు 40 కిలోలకు తగ్గదు.

కళ్యాణదుర్గం_కుర్రోడు:
అమ్మం అన్నా, మా చేనుకే తోలతాం.

రాయదుర్గం_77:
ఇంటి కట్టెకు రేటు కడతావు, ఇంటి పేడకు కట్టవా?

గుత్తి_పాలకేంద్రం:
పేడ మాట నిజమే, కలుపు. పెన్నొడ్డన్నా, వానలు ఎత్తిపోయిన ఏడు కట్టె కోసం ట్రాక్టర్లు కట్టుకుని తిరగలేదా మనం? అమ్మితే వచ్చే డబ్బును ఆవుకు మేపుతున్నాం, అది ఖర్చే. ఇంకో సంగతి, ఒక్కరోజు పాలతో ఖర్చు తేలదు. ఈనాక 305 రోజులు పిండినా, వట్టిపోయిన 60 రోజులూ మేత పెట్టాల్సిందే. ఎద గమనించక, చూడి కట్టించే సూది తప్పితే మళ్లీ 21 రోజులు ఆగాలి, ఆ మేతంతా దండగ. ఏడాది ఖర్చును ఏడాది పాలతో భాగించు. ఆవు ఖరీదు మీద వడ్డీ కూడా వేసుకో.

పెన్నొడ్డు_రైతు:
అందరూ కట్టె అమ్మితే కొనేదెవరు? ముందు మీ కేంద్రాల సంగతి తేల్చండి. ఒకే క్యాను పాలకు ఒకచోట ఫ్యాట్ 4.1, ఇంకోచోట 3.6 పడింది నాకు. ఆ తేడా ఎవరి జేబులోకి పోయింది?

గుత్తి_పాలకేంద్రం:
కలియబెట్టకుండా శాంపిల్ తీస్తే పైన పాలకొకటి, అడుగు పాలకొకటి వస్తుందన్నా.

పెన్నొడ్డు_రైతు:
అంటే పాలు కలియబెట్టడం కూడా మాకు రాదా? నలభై ఏండ్లుగా పోస్తున్నా! సరే, ఆ 400 కూలి ఏంది? ఇంట్లో ఆడోళ్లు పాలు పిండితే కూలి రాసే లెక్క యాడన్నా ఉందా?

ఉరవకొండ_అక్క:
నాలుగింటికి లేచి పేడ ఎత్తి, పాలు పిండి, క్యాన్లు కడిగేసరికి తెల్లారుతుంది. సాయంత్రం మళ్లీ అదే. పక్కోళ్ల చేలో కలుపు తీస్తే కూలిస్తారు. అవే చేతులకు మన కొట్టంలో సున్నానా? పాల డబ్బు ఎవరి ఖాతాలో పడుతుందో కూడా చెప్పండి అన్నా.

పెన్నొడ్డు_రైతు:
ఇంటి విషయాలు ఇక్కడొద్దమ్మా. అబ్బాయ్, సూటిగా చెప్పు. ఆవులు అమ్మేసి బెంగళూరు పోవాలనేగా ఈ లెక్కలన్నీ?

రాయదుర్గం_77:
పేడ కలిపి మళ్లీ వేశావా?

కళ్యాణదుర్గం_కుర్రోడు:
పోయేదుంటే ఎప్పుడో పోయేవాణ్ని పెద్దాయనా. అమ్మకు మోకాళ్లు పోయాయి. ఆవు పక్కన కూర్చుంటే గుంజ పట్టుకుని లేస్తుంది. మనిషిని పెడదామంటే, 504లో 400 కూలికిచ్చి 104కు గొడ్లు మేపాలా అంటాడు నాన్న. మొన్న పెళ్లిసంబంధం వాళ్లు వచ్చి, అమ్మాయి కొట్టంలో పని చేయాలా అని అడిగారు. చేయక తప్పుతుందా అన్నాడు నాన్న. వాళ్లు మళ్లీ ఫోన్ చేయలేదు.

గుత్తి_పాలకేంద్రం:
పాలు పిండే మిషన్ పెట్టుకోండి, ఒక్క మనిషితో పని జరుగుతుంది.

ఉరవకొండ_అక్క:
ఆ ఒక్క మనిషి ఎవరని వాళ్లింట్లో గొడవ.

పెన్నొడ్డు_రైతు:
మా కోడలు అట్ల ఎప్పుడూ అడగలేదు.

ఉరవకొండ_అక్క:
అడిగితే చెప్పేవారా?

ధర్మవరం_బేరం:
ఆ వట్టిపోయిన ఆవు అమ్ముతారా తమ్ముడూ? ఎన్నో ఈత? చూడిదేనా?