కూలెంట్ తగ్గుతోంది, కింద చుక్క కూడా లేదు: నేరుగా హెడ్ దించేయాలా?

మానేరు తీరం:
నాన్నగారి కారు. 2008 మోడల్, నాలుగు సిలిండర్ల పెట్రోల్ ఇంజన్, 1,18,000 కి.మీ. తిరిగింది. మూడు వారాల నుంచి కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) తగ్గుతోంది, వారానికి దాదాపు అర లీటరు పోస్తున్నాను. పొద్దున్నే చూస్తే కారు కింద నేల పొడిగానే ఉంటోంది. పోయిన ఆదివారం శ్రీశైలం వెళ్లాం. డ్యామ్ దాటి ఘాట్ ఎక్కుతుంటే టెంపరేచర్ ముల్లు ఎరుపు గీత దగ్గరికి వెళ్లిపోయింది. వెంటనే పక్కకు ఆపి, గంటసేపు చల్లారనిచ్చి, నీళ్లు పోసుకుని మెల్లగా వచ్చాం. మెకానిక్ ఆయిల్ మూత విప్పి, లోపల మీగడలాంటి తెల్ల జిగురు చూపించి "హెడ్ గ్యాస్కెట్ పోయింది, దించాల్సిందే, 22 వేలవుతుంది" అన్నాడు. ఇంజన్ పైభాగమైన హెడ్‌కూ కింది బ్లాక్‌కూ మధ్య ఉండే సీలేనట అది. ఇంకేమీ చూడలేదు. నాన్నకు ఈ కారంటే ప్రాణం. దించమనాలా, ఆగాలా? చాలా టెన్షన్‌గా ఉంది.

స్పానర్ బాబాయి:
తమ్ముడూ, ఆగొద్దు. 30 ఏళ్లుగా ఇంజన్లు విప్పుతున్నాను. ఒకసారి బాగా హీటెక్కిన అల్యూమినియం హెడ్‌ను నమ్మలేం. కూలెంట్ సిలిండర్‌లోకి దిగుతుంటే కింద చుక్క ఎలా పడుతుంది? ఆవిరై సైలెన్సర్‌లోంచి పోతుంది. ఇవాళ గ్యాస్కెట్‌తో పోయే పని, ఇంకో రెండుసార్లు హీటెక్కితే హెడ్ వంగి, చదును చేయించడానికి లేత్ దాకా వెళ్తుంది. పగిలిందంటే కొత్త హెడ్డే. చూద్దాం, చూద్దాం అని ఇంజన్ మొత్తం పోగొట్టుకున్నవాళ్లు నా దగ్గరికే వచ్చారు.

కొలత ముఖ్యం:
బాబాయి గారూ, మీ అనుభవం మీద గౌరవం ఉంది, కానీ ఈ కారు విషయంలో ఒప్పుకోలేను. మూత కింద జిగురు ఒక్కటి చూసి హెడ్ దించడం అన్యాయం. రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిరిగే కారులో ఇంజన్ పూర్తిగా వేడెక్కదు, లోపలి తేమ బయటికి పోదు, గ్యాస్కెట్ బాగున్నా అదే జిగురు పడుతుంది. డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) తీసి చూడండి. ఆయిల్ పాలు కలిపినట్టుందా, మట్టం పెరిగిందా? రెండూ లేకపోతే ఆ జిగురును పట్టుకుని తీర్పు చెప్పకూడదు.

ముందు ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ప్రెషర్ టెస్ట్ చేయించండి. రేడియేటర్ మూత ఉండే చోట చేతి పంపు బిగించి, మూత మీద ఎంత రాసి ఉంటే అంతే, 0.9 అంటే 0.9 బార్, ఎక్కించి పావుగంట చూడాలి. ముల్లు పడిపోతుంటే టార్చ్ పట్టుకుని వెతకాలి: వాటర్ పంపుకు ఉండే చిన్న రంధ్రం, రేడియేటర్‌లో ప్లాస్టిక్ ట్యాంకు అల్యూమినియంతో కలిసే అంచు, థర్మోస్టాట్ దగ్గర, హోస్ క్లిప్పుల దగ్గర. వేడి ఇంజన్ మీద పడిన చుక్క నేల దాకా రాదు, మధ్యలోనే ఆవిరై మరక మాత్రం మిగులుతుంది. మూతను కూడా వదలొద్దు. దాని స్ప్రింగ్ సడలితే ప్రెషర్ నిలవక కూలెంట్ ముందే మరుగుతుంది.

తర్వాత నీలం ద్రవం టెస్ట్. ఇంజన్ నడుస్తుండగా రేడియేటర్ నోటి దగ్గరి గాలిని ఆ ద్రవం గుండా లాగుతారు. సిలిండర్‌లో మండిన గ్యాస్ కూలెంట్‌లోకి వస్తుంటే అందులోని కార్బన్ డయాక్సైడ్‌కు ద్రవం పసుపు రంగుకు మారుతుంది. మారితే బాబాయి గారి మాటే నిజం, దించేయండి.

స్పానర్ బాబాయి:
టెస్టులు వద్దనను. కానీ అవీ మోసం చేస్తాయి. చల్లగా ఉన్నప్పుడు మూసుకుని ఉండే సన్నటి పగులు వేడెక్కాకే తెరుచుకుంటుంది, అప్పుడు నీ ప్రెషర్ టెస్టులో ముల్లు కదలదు. ఆయిల్ దారికీ నీటి దారికీ మధ్య గ్యాస్కెట్ పోతే నీలం ద్రవం నీలంగానే ఉంటుంది.

కొలత ముఖ్యం:
నిజమే, అందుకే ఒక్క టెస్టుతో ఆగొద్దంటున్నాను. ప్రెషర్ ఎక్కించి రాత్రంతా ఉంచి, పొద్దున్నే స్పార్క్ ప్లగ్గులు తీయండి. మిగతావాటికి భిన్నంగా ఒకటి కడిగినట్టు తడిగా ఉంటే ఆ సిలిండర్ మీద అనుమానపడాలి. కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి ఎంత ఒత్తిడికి నొక్కుకుంటుందో) చూసినప్పుడు పక్కపక్కనే ఉన్న రెండు సిలిండర్లూ తక్కువ చూపిస్తే గ్యాస్కెట్ వాటి మధ్యే పోయి ఉంటుంది. 22 వేలు పెట్టే ముందు ఒక రోజు ఇవ్వలేమా? అప్పటిదాకా కారు బయటికి తీయొద్దు. ఆ మాటలో నేనూ బాబాయి గారి వైపే.

అనంత దారి:
మాది అనంతపురం. ఒక్క సంగతి అడుగుతాను. ముందు ఎడమ సీటు దగ్గర మ్యాట్ కింద తడి ఉందా? మా కారులో అది ఏసీ నీళ్లే అనుకుని ఆరు నెలలు పోగొట్టుకున్నాను. ఏసీ నీళ్లకు రంగూ వాసనా ఉండవు. కూలెంట్ వేలికి జిగటగా తగులుతుంది, తియ్యటి వాసన వేస్తుంది, ముందు అద్దానికి లోపలివైపు జిడ్డు పొర పడుతుంది. లీకు డాష్‌బోర్డ్ వెనక హీటర్ కోర్‌లో, అంటే వేడి కూలెంట్ తిరిగే చిన్న రేడియేటర్‌లో. మన ఎండల్లో హీటర్ వేసేదెవరు? అందుకే అది ఎవరికీ గుర్తు రాదు. ఏళ్ల తరబడి బోరు నీళ్లు పోసింది నేనే, లోపలంతా సున్నం కట్టింది. లీకులు మూసే మందు మాత్రం పోయొద్దు, సన్నటి దారులు కూడా మూసుకుపోతాయి.

మానేరు తీరం:
అందరికీ చాలా థాంక్స్. ఆలస్యంగా రాస్తున్నాను. డిప్‌స్టిక్ శుభ్రంగా ఉంది. నాన్న ఎక్కువగా గుడికి, కూరగాయలకే తీస్తారు, జిగురు అందువల్లే కావచ్చు. ప్రెషర్ పావుగంటలో 0.9 నుంచి 0.7కి పడింది, కానీ ఇంజన్ బయటంతా పొడిగా ఉంది. మ్యాట్ ఎత్తితే కింద ఆకుపచ్చ జిగట. ఎన్నోసార్లు చెయ్యి పెట్టి చూసి కూడా ఏసీ నీళ్లే అనుకున్నాను. నీలం ద్రవం ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు కూడా రంగు మారలేదు. ప్లగ్గులు నాలుగూ ఒకేలా ఉన్నాయి. హీటర్‌కు వెళ్లే రెండు హోసులనూ బయటే కలిపేయించి, సగం కూలెంట్, సగం డిస్టిల్డ్ వాటర్ పోయించాను. 12 రోజులైంది, డబ్బాలో మట్టం గీత మీదే ఉంది.

స్పానర్ బాబాయి:
సంతోషం తమ్ముడూ. మ్యాట్ ఎత్తి చూడమని నేను చెప్పలేదు, అది నా పొరపాటే. అయినా ఆ హెడ్ ఒకసారి హీటెక్కింది కదా, నెల తర్వాత వేడి మీద నీలం ద్రవం మళ్లీ పెట్టించు. ఇంజన్ చల్లారకుండా రేడియేటర్ మూత మాత్రం విప్పొద్దని నాన్నగారికి చెప్పు.