మెడికల్ కోడింగ్: 22 నిమిషాలా, 25 నిమిషాలా? 99153 కోడ్ వేసినందుకు ఎర్రర్ పడింది

నైట్‌షిఫ్ట్_మాదాపూర్:
బ్రాంకోస్కోపీ (ఊపిరితిత్తుల్లోకి గొట్టం పెట్టి చూడటం) చార్ట్, బిల్లు కోసం కోడ్‌లు వేయాలి. పేషెంట్‌కి 58 ఏళ్లు, మోడరేట్ సెడేషన్ (పూర్తిగా స్పృహ పోకుండా ఇచ్చే మత్తు) చూసుకున్నది ప్రొసీజర్ చేసిన డాక్టరే, మానిటర్ దగ్గర నర్సు ఉంది. నర్సు షీట్‌లో మిడజోలామ్ (మత్తుమందు) 10:02కి, స్కోప్ అవుట్ (గొట్టం బయటికి తీయడం) 10:24కి. డాక్టర్ నోట్‌లో మాత్రం సెడేషన్ టైమ్ 25 నిమిషాలు. నేను 99152తో (మొదటి 15 నిమిషాల సెడేషన్ కోడ్) పాటు ఒక 99153 (అదనపు 15 నిమిషాల కోడ్) వేశాను. క్యూఏ వాళ్లు (మా కోడింగ్ తనిఖీ చేసే ఆడిటర్లు) 99153 కొట్టేసి ఎర్రర్ పెట్టారు. ఇది న్యాయమేనా?

ఆడిట్_అక్క:
న్యాయమే తమ్ముడూ. మొదటి 15 నిమిషాలకి 99152. ఇంకో యూనిట్ కావాలంటే తర్వాతి 15లో సగం దాటాలి, అంటే కనీసం 23. నీ దగ్గరున్నవి 22.

కూకట్‌పల్లి_కోడర్:
స్కోప్ అంటే సెడేషన్‌కి జీ0500 కోడ్ కదా?

ఆడిట్_అక్క:
అది మెడికేర్‌లో (అమెరికా ప్రభుత్వ బీమా) జీఐ ఎండోస్కోపీకి, అంటే జీర్ణకోశం స్కోప్‌కి. ఇది ఊపిరితిత్తులు నాయనా.

నైట్‌షిఫ్ట్_మాదాపూర్:
అక్కా, స్కోప్ తీయగానే టైమ్ ఆగిపోతుందని ఎక్కడుంది? ప్రొసీజర్ అయిపోవాలి, పేషెంట్ కుదుటపడాలి, డాక్టర్ పక్కనుంచి కదలాలి, ఈ మూడూ అయితేనే ఆగేది. పేషెంట్ దగ్గుతుంటే వదిలేసి పోతాడా? ఆ మూడు నిమిషాలూ అక్కడే ఉన్నాడేమో.

ఆడిట్_అక్క:
"ఉన్నాడేమో" అని బిల్లు వేస్తామా? 25 అని గుండ్రంగా రాసే టెంప్లేట్లు ఎన్ని చూడలేదు నేను. రికవరీ టైమ్ లెక్కలోకి రాదు, అంతే.

పాత_కాపు:
2017కి ముందు చాలా ప్రొసీజర్లలో సెడేషన్ ప్రొసీజర్ కోడ్‌లోనే కలిసి ఉండేది, ఈ నిమిషాల గోల తక్కువ.

నైట్‌షిఫ్ట్_మాదాపూర్:
పోయిన నెల ఇలాంటి చార్ట్‌లోనే నర్సు షీట్ నమ్మి 99153 వదిలేస్తే, డాక్టర్ నోట్ చూడలేదని ఎర్రర్ పెట్టారు!! ఇప్పుడు డాక్టర్‌ని నమ్మితే మళ్లీ ఎర్రర్. నా క్వాలిటీ స్కోరు 95 శాతం కిందికి పోయింది, ఇన్సెంటివ్ గోవిందా.

ఆడిట్_అక్క:
మరి డాక్టర్‌కి క్వెరీ (వివరణ అడుగుతూ ప్రశ్న) ఎందుకు పెట్టలేదు? రెండు కాగితాలు రెండు మాటలు చెప్తుంటే అడగాలి గానీ, డబ్బులు ఎక్కువొచ్చేది పట్టుకోవడమేంటి?

నైట్‌షిఫ్ట్_మాదాపూర్:
క్వెరీ పెడితే చార్ట్ హోల్డ్‌లో పడుతుంది, ఆ రోజు ప్రొడక్షన్‌లో లెక్కకి రాదు. పోయిన వారం మూడు పెడితే టీమ్ లీడ్ అందరి ముందూ "కోడింగ్ చేస్తున్నావా, ఉత్తరాలు రాస్తున్నావా" అన్నాడు. మీరెప్పుడైనా టార్గెట్ మీద కూర్చున్నారా అసలు?

ఆడిట్_అక్క:
ఆరేళ్లు కూర్చున్నా. ఇప్పుడూ కూర్చునే ఉన్నా, నేను వదిలేసింది క్లయింట్ ఆడిట్‌లో దొరికితే పోయేది నా స్కోరు.

కూకట్‌పల్లి_కోడర్:
మా టీమ్‌లో క్వెరీలు కూడా కౌంట్‌లో వేస్తారు.

నైట్‌షిఫ్ట్_మాదాపూర్:
ఖాళీలుంటే చెప్పు బ్రో. రిబటల్ (ఎర్రర్ మీద అభ్యంతరం) వేస్తున్నా, 10:24 తర్వాత డాక్టర్ ఎక్కడున్నాడో ఆయన్నే అడగమని రాస్తా.

ఆడిట్_అక్క:
రాయి. పోయిన నెల ఎర్రర్ కూడా పక్కన పెట్టు, ఆ రెండూ ఒకే ఆడిటర్‌వైతే నాకూ చెప్పు.