ముద్రించిన వినైల్‌ను ల్యామినేషన్‌కు ముందు ఎంతసేపు ఆరనివ్వాలి?

ప్రశ్న (విజయవాడ)

అందరికీ నమస్కారం. మా దుకాణంలో ఎకో సాల్వెంట్ యంత్రం (ఆవిరై ఆరే ద్రావకం, అంటే సాల్వెంట్, కలిసిన ఇంకు వాడేది) మీద వినైల్ (వెనక జిగురున్న ప్లాస్టిక్ స్టిక్కర్ షీటు) ముద్రించి, కోల్డ్ ల్యామినేషన్ చేసి, అంటే వేడి లేకుండా పైన పారదర్శక ఫిల్మ్ వేసి, బండ్లకు అతికిస్తూ ఉంటాము. పోయిన నెలలో ఒక మిఠాయి దుకాణం వారి డెలివరీ వ్యానుకు రెండు పక్కలా ముదురు మెరూన్ రంగు స్టిక్కర్ వేశాము. ముద్రణ సాయంత్రం పూర్తయింది. వేలితో రుద్దితే రంగు అంటలేదు కనుక, రాత్రంతా రోల్‌ను యంత్రానికే చుట్టి ఉంచి, మర్నాడు పొద్దున్నే గ్లాసీ ఫిల్మ్ వేసి, మధ్యాహ్నానికి బండికి అతికించాము. వారం తిరగకముందే తలుపు అంచుల దగ్గర స్టిక్కర్ ఎండిన విస్తరాకులా చుట్టుకుపోయింది. మెరూన్ మీద సన్నని పొక్కులు లేచాయి గానీ, అదే స్టిక్కర్‌లో అక్షరాల చుట్టూ తెల్లగా వదిలిన భాగం చెక్కుచెదరలేదు. మెటీరియల్ అమ్మినవారు 24 గంటలు చాలంటున్నారు, మా ఆపరేటరు ముసురు వల్లే ఇలా అయిందంటున్నాడు. పని మళ్ళీ మా ఖర్చుతోనే చేసి ఇవ్వాలి కాబట్టి అడుగుతున్నాను: ఎన్ని గంటలు ఆగాలి?

సమాధానం (హైదరాబాదు)

తెల్లని భాగం బాగుండి మెరూన్ మాత్రమే పాడైందన్నారు చూడండి, కారణం అక్కడే దొరుకుతోంది. యంత్రంలోని హీటరు ఇంకు పైపొరను ఆరబెడుతుంది కనుక వేలికి రంగు అంటదు. లోపలికి ఇంకిన సాల్వెంట్ మాత్రం వినైల్‌ను మెత్తబరుస్తూ, దాని వెనకనున్న జిగురు దాకా దిగుతుంది. పైన ఫిల్మ్ వేసేస్తే అది పైకి పోయే దారి మూసుకుపోతుంది, అప్పుడు జిగురు పట్టు తప్పి అంచులు లేస్తాయి. ‘ఎకో’ అన్న పేరు చూసి త్వరగా ఆరుతుందనుకునేవారు చాలామంది ఉన్నారు. నిజానికి అందులో వాడే సాల్వెంట్లు పాతకాలపు ఘాటు సాల్వెంట్ల కంటే నిదానంగా ఆవిరవుతాయి.

గోడకో సన్‌బోర్డుకో (తేలికైన ఫోమ్ పలక) వేసే మామూలు పనికి 24 గంటలు కనీసం అనుకోండి. బండికి వేసేదైతే 48, మీ మెరూన్ వంటి నిండు రంగుకు 72 గంటలు నేను ఆగుతాను. అయితే బిగుతుగా చుట్టిన రోల్‌ను వారం రోజులు ఉంచినా ఆ గంటలు లెక్కలోకి రావు, ఎందుకంటే పొరల మధ్యకు గాలి వెళ్ళదు. మీ స్టిక్కర్ రాత్రి పన్నెండు గంటలు ఆరిందని మీరనుకున్నారు, అసలు ఆరడం మొదలే కాలేదు.

ఇంకొక మాట: మెరూన్‌లో మజెంటా, పసుపు, నలుపు అన్నీ కలిసి ఎంత ఇంకు పడుతోందో రిప్ సాఫ్ట్‌వేర్‌లో (డిజైన్‌ను యంత్రానికి ఇంకు లెక్కలుగా మార్చి పంపేది) ఒకసారి చూసి, ఇంకు పరిమితిని కాస్త తగ్గించండి. రంగులో తేడా కంటికి ఆనదు, ఆరే సమయంలో తేడా మాత్రం బాగా తెలుస్తుంది.

సమాధానం (రాజమండ్రి)

మాది చిన్న గది, పరిచి ఆరబెట్టే చోటు లేదు. అందుకని రోల్‌ను చెయ్యి దూరేంత వదులుగా చుట్టి, బోర్లించిన కూల్‌డ్రింకు క్రేటు మీద నిలబెట్టి, పక్కన టేబుల్ ఫ్యాను పెడతాము. క్రేటు సందుల్లోంచి గాలి లోపలికి వెళ్ళి పొరల మధ్య నుంచి పైకి వస్తుంది. మధ్యలో ఒకసారి తలకిందులు చేస్తాము. త్వరగా ఆరుతుందని ఎండలో మాత్రం పెట్టకండి. ఒకసారి పెట్టి, వెనక కాగితం అలలు తేలి, ల్యామినేషన్‌లో మడతలు పడి మొత్తం పారేశాను.

ఆరిందో లేదో తెలుసుకోవడానికి రోల్ మధ్యలో ముక్కు పెట్టి వాసన చూడండి. అప్పటికీ నమ్మకం కుదరకపోతే, నిండు రంగున్న చోట మూల వెనక కాగితాన్ని వలచండి: జిగురు పనసపాలలా సాగితే ఇంకా ఆగాలి.

సమాధానం (హైదరాబాదు, మరొకరు)

లేటెక్స్ యంత్రంలో (నీటి ఆధారిత ఇంకు వాడేది) ఇంకును వేడితో యంత్రంలోనే పూర్తిగా ఆరబెడతారు కనుక బయటికి రాగానే ల్యామినేషన్ చేయవచ్చు. యూవీ యంత్రం (అతినీలలోహిత కాంతితో ఇంకును గట్టిపరిచేది) కూడా అంతే, కానీ దాని ఇంకు పొర గరుకుగా ఉండి ఫిల్మ్ కింద సన్నని గాలి చుక్కలు తెల్లగా మెరుస్తాయి, పైగా వంపుల మీద సాగదీస్తే పగలవచ్చు. అత్యవసరమైన బండి పనులను నేను లేటెక్స్ ఉన్నవారి దగ్గర ముద్రింపిస్తాను. చదరపు అడుగుకు ఎక్కువే పడుతుంది, పని తిరిగి చేయడం కంటే తక్కువే.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. ఇంకు తగ్గించి మంగళవారం సాయంత్రం మళ్ళీ ముద్రించి, క్రేటు మీద నిలబెట్టాము. గురువారం సాయంత్రానికి, అంటే 48 గంటలకు, పై చుట్లలో వాసన లేదు గానీ లోపలి చుట్టలో ఇంకా ఉంది. మూల వలిస్తే జిగురు కొంచెం సాగింది. రోల్‌ను తిరగేసి చుట్టి, లోపలిది బయటికి వచ్చేలా ఫ్యాను ముందు పెట్టాము. శనివారం ఉదయం ఫిల్మ్ వేస్తాము. మిఠాయి దుకాణం వారికి సోమవారం బండి పంపమని చెప్పాను.