ఎంత పడుకున్నా అలుపు తీరుతలేదు, ఎక్కడ చూపించుకోవాలె?

నల్లగొండ టీచరమ్మ:

అందరికీ నమస్తే. నాకు 37 ఏండ్లు. నల్లగొండల ఒక ప్రైవేటు స్కూల్ల మూడో తరగతికి చెప్తా. ఇద్దరు పిల్లలు. మా ఆయన మిర్యాలగూడల రైస్‌మిల్లు గుమాస్తా, వడ్ల సీజన్ల వారానికి ఒక్కసారే ఇంటికొస్తడు. అత్తమ్మ మాతోనే ఉంటది.

ఏడాది సంది ఒంట్ల సత్తువ ఉంటలేదు. రాత్రి పదిన్నరకు పడుకుంటా, ఐదింటికి లేస్తా. లేవంగనే రాత్రంతా బస్తాలు మోసినట్టు ఉంటది. మా క్లాసు రెండో అంతస్తుల. మెట్లెక్కినంక తలుపు కాడ ఆగి, దమ్ము తీసుకుని లోపలికి పోతున్న. మొన్న మా క్లాసు పిల్ల ఒకతి "టీచర్, పానం బాగలేదా?" అని తన నీళ్ల సీసా తెచ్చి చేతిల పెట్టింది. నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి. ఇంట్ల మాత్రం చిన్న దానికే పిల్లల మీద అరుస్తున్న, వాళ్లు పడుకున్నంక బాధపడుతున్న.

రెండు సీసాల టానిక్కు తాగిన. ఖర్జూర తిన్న. ఒక క్లినిక్కుకు పోతే బీపీ చూసి, టెన్షన్ తగ్గించుకోమని బలం గోలీలు రాసిచ్చిండ్రు. అత్తమ్మేమో "మేము పొద్దంతా నాట్లేసి వచ్చి, మళ్ల ఇరవై మందికి వండెటోళ్లం" అంటది. ఆమె చెప్పేది నిజమే. అందుకే నా మీద నాకే అనుమానమొస్తుంది, నేను బద్ధకస్తురాలినైపోయిన్నా? ఏ పరీక్ష చేయించుకోవాలె, ఏ డాక్టరు దగ్గరికి పోవాలె, తెలిసినవాళ్లు చెప్పండి.

దేవరకొండ దిక్కు ఏఎన్‌ఎం:

చెల్లె, బద్ధకమున్నోళ్లు ఇంత బాధపడి రాయరు. నీకు చెయ్యాలని ఉంది, ఒళ్లు సహకరిస్తలేదు. ఇరవై రెండేండ్ల సంది ఊర్లు తిరుగుతున్న, ఈ రెండింటికి తేడా నాకు తెలుసు.

నేను మూడు సంగతులు అడుగుత, సిగ్గుపడకు. నెలసరి ఎన్ని రోజులుంటది? గడ్డలు గడ్డలు పడుతుందా, గంట రెండు గంటలకే ప్యాడ్ మార్చుకోవాల్సి వస్తుందా? చాయ్ ఏ టైముకు తాగుతవు? బియ్యం చెరిగేటప్పుడు గుప్పెడు నోట్లె వేసుకుంటున్నవా? మట్టి, సుద్దముక్క, ఐసు, ఏదన్న తినాలని గుంజుతుందా?

మూడోది ఎందుకడిగిన్నంటే, ఒంట్ల ఇనుము అడుగంటినోళ్లకు ఇట్లాంటివి తినబుద్ధయితది. చాలామంది ఆడోళ్లు అది చెడ్డ అలవాటనుకుని దాచుకుంటరు. అది రోగం చెప్పే మాట. అద్దం ముందు నిలబడి కిందిరెప్ప లాగి చూసుకో, లోపల తెల్లగ పాలిపోయి ఉంటే ఆలస్యం చెయ్యకు. రక్తం తక్కువైతే గాలిని కండలకు మోసేది తక్కువైతది, ఆ లోటు పూడ్చాలని గుండె ఉరుకుతది. మెట్ల మీద నీకు దమ్ము వచ్చేది అందుకే కావచ్చు.

నువ్వొక్కదానివే కాదు. 2019-21ల చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల 15 నుంచి 49 ఏండ్ల ఆడోళ్లల్ల నూటికి 57 మందికి రక్తం తక్కువ ఉన్నదని తేలింది. కడుపుతో లేని ఆడమనిషికి హిమోగ్లోబిన్ 12 ఉండాలె. మా సబ్‌సెంటర్ల 7, 8తోని పత్తి ఏరి వచ్చెటోళ్లు కనబడతరు. పని చేస్తున్నరు కాబట్టి బాగున్నరని ఇంటోళ్లు అనుకుంటరు.

సీబీపీ (రక్తకణాల లెక్క), ఫెరిటిన్ (ఒంట్ల ఇనుము నిల్వ), టీఎస్‌హెచ్ (థైరాయిడ్), షుగర్, విటమిన్ బీ12 చేయించుకో. సర్కారు దవాఖానల రక్తపరీక్షలకు పైసలు కట్టేది లేదు, తెలంగాణ డయాగ్నొస్టిక్స్ కింద చేస్తరు. ఫెరిటిన్ అక్కడ కాకపోతే అదొక్కటి బయట చేయించుకో. హిమోగ్లోబిన్ ఇంకా పడిపోకముందే నిల్వలు ఖాళీ అయినయని చెప్పేది అదే. మంగళవారం ఆరోగ్య మహిళ క్లినిక్కు మీ దగ్గర నడుస్తుందేమో కనుక్కో, అక్కడ డాక్టరమ్మనే చూస్తది, నెలసరి సంగతి మనసు విప్పి చెప్పుకోవచ్చు.

రిపోర్టు వచ్చేదాకా ఒక్క పని చెయ్యి. తిండికి ముందు గంట, తర్వాత గంట చాయ్ ముట్టకు. చాయ్‌ల ఉన్న వగరు తిన్న ఇనుమును ఒంటికి పట్టనియ్యది. తోటకూర తిన్న రోజు నిమ్మకాయ పిండుకో, లేకుంటే రెండు బత్తాయి తొనలు తిను, నల్లగొండల వాటికేం కొదువ? మాంసం తినేటోళ్లయితే కార్జం మంచిది. కాకపోతే రక్తం బాగ పడిపోతే తిండి ఒక్కటే సరిపోదు, గోలీలు కావాల్సిందే.

జడ్చర్ల నైట్‌షిఫ్ట్:

అక్కా, ఏఎన్‌ఎం అక్క చెప్పింది ముందు చూపించుకోండి. అన్ని పరీక్షలు మంచిగొచ్చి కూడా అలుపు పోకపోతే నా సంగతి గుర్తుపెట్టుకోండి. మందుల కంపెనీల షిఫ్టులు చేస్తా. నైట్ డ్యూటీ వల్లనే అనుకుని మూడేండ్లు గడిపిన. బండి మీద పోతుంటే కన్ను మూతపడి రోడ్డు దిగిన ఒకసారి. గురక మధ్యల ఊపిరి ఆగిపోయి మళ్ల ఎగపోస్తున్నవని మా ఆవిడ చెప్తేగాని తెలువలే. హైదరాబాద్‌ల రాత్రి నిద్ర పరీక్ష చేస్తే గంటకు 34 సార్లు ఊపిరికి అడ్డం పడుతుందని వచ్చింది. ఇప్పుడు ముక్కుకు మాస్కు మిషన్ పెట్టుకుని పడుకుంటున్న. గురక ఉందా అనేది పక్కన పడుకునేటోళ్లనే అడగాలె.

రిటైర్డ్ కండక్టర్:

బిడ్డా, నాది మర్రిగూడ మండలం. కాళ్లు తిమ్మిర్లు, నీరసం మొదలైతే మా దిక్కు ఫ్లోరైడ్ నీళ్ల పాపమే అనుకున్న. మా అమ్మ నడుం వంగింది ఆ నీళ్లకే కదా. కని నాది వేరే ఉండె. పదేండ్ల సంది షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వేసుకుంటున్న, ఆ గోలీ ఏండ్ల తరబడి వాడితే కొందరికి బీ12 తగ్గుతదట. నాకు 142 వచ్చింది, 200 కన్నా తక్కువుంటే లోపమే అన్నరు. సూదులు తీసుకున్నంక మనిషినైన. షుగర్ గోలీ మాత్రం మానలే, డాక్టరు చెప్పకుండ మీరు కూడా ఏదీ మానకండి.

నల్లగొండ టీచరమ్మ:

ఏడు వారాలైంది, మళ్ల రాస్తున్న. ఏఎన్‌ఎం అక్కా, బియ్యం సంగతి చదివి చేతులు వణికినయి. రోజూ తింటున్న, ఎవ్వరికీ చెప్పలే. నెలసరి ఎనిమిది రోజులు, గడ్డలు కూడా. అది అందరికీ ఉండేదే అనుకున్న.

హిమోగ్లోబిన్ 7.9, ఫెరిటిన్ 5 వచ్చినయి. థైరాయిడ్, షుగర్, బీ12 బాగున్నయి. స్కానింగుల గర్భసంచికి చిన్న గడ్డ ఉందని, నెలసరిల పోయే రక్తం తగ్గడానికి వేరే గోలీ ఇచ్చిండ్రు. ఐరన్ గోలీలకు మొదటి పది రోజులు కడుపుల తిప్పింది, మలబద్ధకమైంది. డాక్టరమ్మ రోజు విడిచి రోజు వేసుకోమంటే తట్టుకున్న. మొన్న పరీక్షల 10.3. బియ్యం మీద కోరిక రెండు వారాలకే పోయింది. మెట్లకాడ ఇప్పుడు ఆగుతలేను. 12 దాటినంక కూడా మూడు నెలలు వేసుకోవాలన్నరు, నిల్వ నిండాలంట.

ఇంకొక మాట. నాకు తోడు వచ్చిన అత్తమ్మకు కూడా అక్కడే రక్తం చూసిండ్రు. 9.4. బస్సుల వచ్చేటప్పుడు చెప్పింది, "నాకు సుత మెట్లెక్కితే దమ్ము వస్తుండె, ఎవరికి చెప్పుకుంటం?" అని. ఆమెకు 61. నా గోలీలే ఆమెకు కూడా ఇయ్యాల్నా?

దేవరకొండ దిక్కు ఏఎన్‌ఎం:

ఇయ్యకు చెల్లె, ఆగు. నీ రక్తం ఎటు పోతుందో తెలిసింది. ముట్లు ఆగిపోయినంక రక్తం తగ్గిందంటే ఎందుకో వెతకాలె. కడుపుల పుండు కావచ్చు, పేగుల ఏదన్న కావచ్చు, కిడ్నీ కావచ్చు. నల్లగ తారు లెక్క దొడ్డికి పోతుందా, మోకాళ్ల నొప్పులకు మెడికల్ షాపు గోలీలు రోజూ మింగుతుందా (వాటితోని కడుపుల పుండు పడొచ్చు), బరువు తగ్గిందా, ఇయ్యి అడుగు. ఐరన్ మొదలుపెడితే దొడ్డి ఎట్లాగూ నల్లగైతది, తర్వాత పోల్చుకోవడం కష్టం. అందుకని ముందే అడుగు, అడిగి జనరల్ డాక్టరుకు చూపించు.

నల్లగొండ టీచరమ్మ:

నొప్పుల గోలీలు రెండేండ్ల సంది రోజుకు రెండు మింగుతుందట అక్కా. కొంగు ముడిల దాచుకున్నది చూపించింది. సోమవారం స్కూలుకు లీవు పెట్టిన, పెద్ద దవాఖానకు తీస్కపోతున్న.