పాత క్యాసెట్ల టీవీ గేమును కొత్త ఎల్‌ఈడీ టీవీకి తగిలిస్తే ఆట ఆలస్యమవుతోంది, ఏం చేయాలి?

ప్రశ్న (కావలి నుంచి)

అందరికీ నమస్కారం. 1990ల చివర్లో మా నాన్నగారు నెల్లూరులో కొనిచ్చిన క్యాసెట్ల టీవీ గేము, మొన్న సంక్రాంతికి ఇల్లు సర్దుతుండగా అటక మీద దొరికింది. బొమ్మకు పసుపు వైరు, శబ్దానికి తెల్ల వైరు ఉన్నాయి. మా 43 అంగుళాల టీవీకి ఆ రంగుల రంధ్రాలు లేనందువల్ల, ఏవీని హెచ్‌డీఎంఐగా మార్చే చిన్న పెట్టె తెచ్చి తగిలించాను. బొమ్మ వచ్చింది గాని అడ్డంగా సాగిపోయి, అంచుల్లో వణుకుతోంది. బటన్ నొక్కిన కాసేపటికి గాని మారియో ఎగరడం లేదు. దెబ్బ తగిలాక మిణుకుమిణుకుమనవలసినవాడు ఒక్కోసారి పూర్తిగా మాయమవుతున్నాడు. బాతులను కొట్టే ఆటలో తుపాకీ గురి ఒక్కటీ తగలడం లేదు. నేను ఆడుకున్న ఆటను మా అమ్మాయి చేత ఆడించాలని ఎంతో ఆశగా ఉంది. లోపం ఎక్కడ ఉందో చెప్పగలరా?

జవాబు (ఒంగోలు నుంచి)

అయ్యా, మీ గేము బాగానే ఉంది. మన దేశంలో పాత టీవీలు వాడిన పాల్ అనే బొమ్మ సంకేత పద్ధతిలో ఒక పూర్తి బొమ్మకు 625 గీతలు. అవి ఒక్కొక్కటి 312న్నర గీతల చొప్పున రెండు విడతలుగా వస్తాయి, ఆ అర గీత తేడా వల్లనే రెండో విడత గీతలు మొదటి విడత గీతల మధ్య పడతాయి. పాత గేము మాత్రం ప్రతిసారీ సరిగ్గా 312 గీతలే పంపుతుంది కనుక, అన్నీ ఒకే చోట పడతాయి. పిక్చర్ ట్యూబు దాన్ని ఉన్నదున్నట్టు చూపేది. చౌక కన్వర్టరు మాత్రం అవి రెండు విడతల బొమ్మేననుకుని, జతకలిపి ఒక్కటి చేస్తుంది. మారియో మిణుకు అంటే ఒక విడతలో కనిపించి మరుసటి విడతలో కనిపించకపోవడమే కాబట్టి, జతకలపడంలో ఒకటి పోతే మనిషే పోతాడు. విడతకు 20 మిల్లీసెకన్లు. పెట్టెలో రెండు, టీవీలో మరో రెండు విడతలు ఆగినా గుంట దాటడం కష్టం.

ముందు టీవీలో గేమ్ మోడ్ పెట్టి, బొమ్మ కొలతను 4:3కి మార్చండి.

జవాబు (నెల్లూరు నుంచి)

టీవీ వెనుక ఏవీ అని రాసిన, ఇయర్‌ఫోను రంధ్రంలాంటిది ఉందేమో చూడండి. ఉంటే ఆ పెట్టె అవసరమే లేదు, 3.5 మిల్లీమీటర్ల పిన్నుకు మూడు రంగుల సాకెట్లున్న వైరు చాలు. అయితే ఆ పిన్ను మీది నాలుగు వలయాల వరుస అన్ని వైర్లకూ ఒకేలా ఉండదు. బొమ్మ రాకుండా స్పీకరులో గుర్రుమనే మోత వస్తే, పసుపు వైరును ఎర్ర సాకెట్లోనో తెల్ల సాకెట్లోనో పెట్టి చూడండి. సముద్రపు గాలికి క్యాసెట్టు అంచున పచ్చగా చిలుము పట్టి ఉంటే, ఐసోప్రొపైల్ ఆల్కహాలు అద్దిన దూదితో తుడవండి.

ప్రశ్న అడిగినవారు

మీ ఇద్దరికీ కృతజ్ఞతలు. ఆ రంధ్రం ఉంది. మొదట మీరన్నట్టే గుర్రుమంది. పసుపు వైరును ఎర్ర సాకెట్లోకి మార్చగానే బొమ్మ వచ్చింది. గేమ్ మోడ్‌లో ఎగురుడు చాలావరకు సమయానికి పడుతోంది. అంచుల వణుకు, తుపాకీ సంగతి మిగిలాయి.

జవాబు (ఒంగోలు నుంచి)

వణుకు పూర్తిగా పోవాలంటే, బొమ్మను ఆపి ఉంచకుండా గీతలను మాత్రమే రెట్టింపు చేసే రెట్రోటింక్ 2ఎక్స్ వంటి మార్పిడి పెట్టె కావాలి. ఖరీదైనదే గాని ఆ ధరకు తగినది. ఓఎస్‌ఎస్‌సీ అనే అలాంటి మరో పెట్టె కూడా మంచిదే అయినా, పసుపు వైరును నేరుగా తీసుకోదు కనుక మీకు పనికిరాదు.

తుపాకీకి మాత్రం ఎల్‌ఈడీ టీవీలో మార్గం లేదు. మీట నొక్కగానే తెర నల్లబడి, బాతు ఉన్నచోట తెల్లని గడి మెరుస్తుంది. ఆ వెలుగును తుపాకీ అదే క్షణంలో పట్టుకోవాలి. కొత్త టీవీ ఆ గడిని చూపేసరికి గడువు దాటిపోతుంది. పిక్చర్ ట్యూబు టీవీ ఎవరింట్లోనైనా ఉంటే పారవేయనివ్వకండి.

ప్రశ్న అడిగినవారు

మా అత్తగారింట్లో 21 అంగుళాలది గుడ్డ కప్పి ఉంది. ఆదివారం ఆటోలో తెచ్చుకుంటాను.