జపం చేసుకునేవారు ఎన్నికల ప్రచారానికి వెళ్లవచ్చునా?

ప్రశ్న:
పెద్దలకు నమస్కారం. మాది తెనాలి దగ్గర పల్లె. కొన్నేళ్లుగా తెల్లవారుజామున జపం చేసుకుంటున్నాను. ఈసారి పంచాయతీ ఎన్నికలలో ఒక అభ్యర్థి తరఫున ఇల్లిల్లూ తిరుగుతున్నానని తెలిసి, మా సత్సంగంలోని పెద్దాయన "ఆ బురదలో దిగితే జపం నిలవదు" అన్నారు. జపమాల తిప్పుతున్నా మనసు ఎదుటి వర్గంవారు అన్న మాటల చుట్టూ తిరుగుతున్న మాట నిజమే. ప్రచారం మానుకోవాలా?

మొదటి సమాధానం:
అక్కరలేదండీ. స్వామి రామానంద తీర్థ 1932లో సన్యాసం స్వీకరించారు. ఆ తరువాతే హైదరాబాదు స్టేట్ కాంగ్రెస్‌కు నాయకత్వం వహించి, నిజాం పాలనలో జైళ్లకు వెళ్లి, 1952లో గుల్బర్గా నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. కాషాయం కట్టినవారికే అడ్డురాని రాజకీయం గృహస్థుకు ఎందుకు అడ్డువస్తుంది?

రెండవ సమాధానం:
ఆ పెద్దాయన మాటను అంత తేలికగా తీసివేయలేము. అలీపూర్ కేసులో ఏడాదిపాటు జైలులో ఉండి 1909లో విడుదలైన అరవిందులు, మరుసటి ఏడే పుదుచ్చేరి చేరి ప్రత్యక్ష రాజకీయాల నుంచి తప్పుకున్నారు. 1920లో కాంగ్రెస్ అధ్యక్ష పదవికి పిలుపు వచ్చినా అంగీకరించలేదు. సాధనే సర్వస్వమనుకున్నవారికి అది సరైన దారి. అయితే మీరు ఉదయం జపం ముగించుకుని పొలానికో ఉద్యోగానికో వెళ్లే మనిషి అయితే, ఆ పోలిక మీకు పూర్తిగా వర్తించదని నా అభిప్రాయం.

మూడవ సమాధానం:
మనసు చెదరడం పెద్ద విషయం కాదు, పొలం గట్టు తగాదాలోనూ చెదురుతుంది. అసలు పరీక్ష పోలింగుకు ముందు రాత్రి వస్తుంది. ఓటుకింత అని లెక్కకట్టి కవర్లలో పెట్టిన నోట్లను, ఓటర్ల జాబితాలో టిక్కులు కొట్టుకుంటూ పంచి రమ్మని, నమ్మకస్తుడని చెప్పి, మీబోటివారికే అప్పగిస్తారు. ఆ పని చేయనని ఇప్పుడే, నామినేషన్ల దశలోనే, అభ్యర్థితో చెప్పండి. రెండోది, మీ బొట్టునూ జపమాలనూ చూపి ఓటు అడగనివ్వకండి. శాసనసభ, లోక్‌సభ ఎన్నికలలో మతం పేరిట ఓటు అడగడాన్ని 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్ అవినీతి చర్యగా పరిగణిస్తుంది. చట్టం సంగతి అటుంచినా, భక్తిని బేరానికి పెట్టిన తరువాత జపానికి కూర్చోవడం కష్టం.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు. కవర్ల సంగతి రేపే మాట్లాడతాను. ఎదుటివారు పంచుతున్నారు కనుక మనమూ పంచక తప్పదని ఆయన అంటే ఏమని ఒప్పించాలో, అనుభవమున్నవారు చెప్పగలరు.